ఉసిరున్న గోడ

మా పడగ్గది గోడకి మళ్ళీ చెమ్మెక్కింది. ఈ వైట్‌ఫీల్డ్ అపార్టుమెంటులోకి వచ్చాక ఇది నాలుగోసారి. రంగు వేయించడం, ఆర్నెల్లు మురిసిపోవడం, వానాకాలం రాగానే పెచ్చులు రాలడం. ఈసారి వచ్చిన పెయింటు మేస్త్రి మదనపల్లె వైపు మనిషి. నడివయసు, నిదానం. వేలి కణుపుతో గోడంతా కొట్టి చూశాడు, చెవి ఆనించి విన్నాడు.

"ఏం లేదు మేడమ్, ఈ గోడకి ఉసిరాడటం లేదు. అంతే" అన్నాడు.

చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "ఏమన్నారూ?"

"ఉసిరు మేడమ్. ఊపిరి. ఈడ కన్నడంలో అంటారు కదా."

తెలుసు నాయనా, తెలుసు. ఆ మాట తెలియకే కదా, పదేళ్ళ వయసులో ఒక ముసలావిడ ఇల్లు పోగొట్టాను.

అప్పుడు మా కాపురం ఈ ఊళ్ళోనే, చిక్కపేట వెనక సందులో. పొద్దున లేస్తే బట్టల మూటలు మోసేవాళ్ళ కేకలు, తోపుడు బళ్ళ చప్పుడు. మా తాత సున్నపు గార మేస్త్రి. ఊరంతా సిమెంటుకి మళ్ళినా ఆయన మళ్ళలేదు. "సిమెంటు పూసేవాడు మేస్త్రీనా? వాడు మూతలేసేవాడు" అనేవాడు. అంచేత ఏడాదిలో సగం రోజులు ఇంట్లోనే ఉండి మా అమ్మ వంటకి వంకలు పెట్టేవాడు. పాత బంగళాల వాళ్ళెవరైనా పిలిస్తే మాత్రం పెళ్ళికి పిలిచినట్టు తయారయ్యేవాడు.

ఆ వేసవిలో వైట్‌ఫీల్డ్ అవతలి నుంచి ఒక దొరసాని కబురు పెట్టింది. నాకు సెలవులు. నా అల్లరికి విసిగిపోయిన మా అమ్మ, "దీన్నీ తోడుకోని పో మామా, రోంత సేపు నా ప్రాణం సుఖంగా ఉంటాది" అంటూ నన్ను కూడా ఆయన తాపీ సంచితో పాటు సాగనంపింది.

మార్కెట్టు దగ్గర బస్సెక్కితే గంటన్నర. దిగాక అరగంట నడక. ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న దారిలోనే అప్పుడు రాగి చేలు, సపోటా తోటలు, వరసగా నీలగిరి చెట్లు. ఆ చెట్ల చివర ఇల్లు కనపడగానే నా నడక మందగించింది. కిటికీలన్నిటి మీదా చెక్క పట్టీలతో చేసిన కూచి టోపీలు ముందుకు వంగి ఉన్నాయి. మంకీటాప్ అంటారని తాత చెప్పాడు. ఆ టోపీల నీడలో కిటికీలు ఎటు చూస్తున్నాయో తెలిసేది కాదు. మనల్నే చూస్తున్నాయనిపించేది.

ముందు గుర్రబ్బండి ఆగే మండపం, దాన్ని దాటితే హాలు. రెండున్నర అడుగుల మందం గోడలు, పైన టేకు దూలాలు, వాటి మీద మంగళూరు పెంకు. నేలంతా ఎర్ర గచ్చు. ఎంత నున్నగా ఉండేదంటే, నేను నడుస్తుంటే నా అరికాళ్ళకి అరికాళ్ళు ఆనించి లోపల ఇంకో పిల్ల తలకిందులుగా నడిచేది. నేను ఆగితే ఒక్క క్షణం ఆలస్యంగా ఆగేదని నా అనుమానం. అలా అన్నానని తాత నెత్తి మీద మొట్టికాయ వేశాడు.

దొరసాని తెల్లగా, సన్నగా, పాలిపోయిన పూల గౌనులో ఉండేది. చెవులకి ముత్యాలు, కాళ్ళకి హవాయి చెప్పులు. ఇంగ్లీషు మాట్లాడుతుందని నేను బడిలో నేర్చుకున్న గుడ్ మార్నింగ్ సిద్ధం చేసుకున్నాను. ఆవిడ నన్ను చూసి, "ఎవురప్పా ఈ బొట్టె? సంగటి తినిందా, లేదా?" అంది. నాకు నవ్వాగలేదు. ఆవిణ్ణి పెంచిన ఆయాది పలమనేరట. ఆ ఆయా తెలుగు ఈవిడ నోట్లో చెక్కు చెదరకుండా మిగిలిపోయింది.

ఆ ఇంటి చరిత్ర మధ్యాహ్నం అన్నాల వేళ ఆవిడే చెప్పేది. తాత ముందు రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. నా ముందు ఆవిడ పంపిన పసుపన్నం, కొబ్బరి పాల కూరలో మాంసం ఉండలు. ఆవిడ వాళ్ళ తాత తెల్లవాళ్ళ పటాలంలో గుర్రాల డాక్టరు. పెళ్ళానికి ఆయాసం. ఊళ్ళో గాలి పడటం లేదని, ఇంత దూరం వచ్చి చేలల్లో ఆమె కోసం ఈ ఇల్లు కట్టించాడు.

"మా తాత గుర్రాల డాక్టరు కదా, ఇంటికీ ముక్కు పెట్టినాడు" అని నవ్వేది.

నిజంగానే పెట్టాడు. కింద నాలుగు గదులకీ, ఒక్కో గోడలో నేలకి జానెడు ఎత్తున ఒక కన్నం, దానికి ఆకుల నగిషీతో ఇనుప జాలీ. గోడ లోపల బోలుగా పైదాకా దారి. చూరు కింద ఇంకో కన్నం. మధ్యాహ్నం పెంకు కాగితే లోపలి వేడి గాలి పైకెక్కిపోతుంది, కింది జాలీ గదిలో గాలిని లాక్కుంటుంది. పొద్దు వాలి పెంకు చల్లారితే గాలి వెనక్కి దిగి, జాలీలోంచి చల్లగా బయటికొస్తుంది. ఇదంతా తాత తర్వాతెప్పుడో విడమరచి చెబితే తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఆ చప్పుడు.

రెండు దాటగానే మొదలయ్యేది. "హూఁ..." అని పొడుగ్గా, లోపలికి. కాసేపు ఆగేది. మళ్ళీ "హూఁ...". నాలుగు గదుల్లో రెండు కన్నాలు ఎలకలొస్తున్నాయని ఎవరో ఎప్పుడో సిమెంటుతో మూశారు. మూడోది తాళం వేసిన గదిలో ఉంది. ఆ తాళం ఎవరూ తియ్యరు. దొరసాని గదిలో ఉన్న నాలుగోది ఒక్కటే పలికేది. రోజూ రెండింటికి ఆవిడ టీ కప్పుతో వచ్చి, జాలీ పక్కన కుర్చీ వేసుకుని, తలుపు దగ్గర చుట్టాల కోసం కనిపెట్టుకున్న మనిషిలా కూచునేది.

మా తాత పని సరిగ్గా ఆ గోడకే. చెమ్మ పట్టి ఉబ్బిన చోట పాత గార చెక్కేసి కొత్తది పెట్టాలి. పెరట్లో సున్నం తడిపితే బుసబుసా పొంగి వేడి వాసన వేసేది. అందులో ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు. ఆఖరి పూతకి కోడిగుడ్డు తెల్లసొన. బెల్లం గడ్డలు కలపమని నాకిస్తే సగం నా నోట్లోకి పోయేవి. ఊరికే ఉండలేక గార ముద్ద పట్టడం, వేళ్ళతో ఒత్తడం, గులకరాయితో నునుపు తేల్చడం నేర్చేసుకున్నాను. "ఆడపిల్లవైపోతివి గానీ, నాకు పోటీ వచ్చేదానివి" అని తాత వెక్కిరించేవాడు.

మొదటి రోజే నాతో ఖచ్చితంగా చెప్పాడు. "పాపా, ఆ జాలీ జోలికి పోవద్దు. ఈ గోడకి ఉసిరు ఉండాది."

నేను విన్నది ఉసురు.

మా ఇంట్లో కన్నడం కలవని తెలుగు వాక్యం ఉండేది కాదు. అయినా ఆ మాట నా చెవిన పడలేదు. ఉసురు మాత్రం బాగా తెలుసు. మా అమ్మ పక్కింటావిడ గురించి రోజూ అంటుండేది, "అత్తని ఏడిపిస్తాండాది, ముసల్దాని ఉసురు ఊరికే పోతుందా? తగుల్తాది చూడు" అని. ఉసురంటే ఏడిపించిన వాళ్ళని వెతుక్కుంటూ వచ్చి తగిలే గాలి. ఇక్కడేమో ఎవరిదో ఉసురు గోడలో ఉంది, రోజూ రెండింటికి మూలుగుతోంది. మా తాత ఆ గోడనే ఉలితో పొడుస్తున్నాడు!

పైగా ఆ గోడ మొదలెట్టినప్పటి నుంచీ తాతకి దగ్గు పట్టుకుంది. సున్నపు ధూళి ఆయనకి కొత్త కాదు, కానీ ఇంత దగ్గు నేనెప్పుడూ చూడలేదు. నాలుగో రోజుకి దగ్గి దగ్గి నిచ్చెన కింద కూలబడ్డాడు. మొహం నల్లబడింది, కళ్ళు ముందుకొచ్చాయి, ఛాతీలో పిల్లి కూత. సరిగ్గా అప్పుడే గోడ "హూఁ..." అంది. తాత రొమ్ములోంచి లాగి తీసుకుంటున్నట్టే అనిపించింది. ఉసురు తగిలేసింది, తాత చచ్చిపోతాడు, అంతే.

ఎవరికి చెప్పను? ఆ సాయంత్రం తాత బావి దగ్గర తాపీలు కడుక్కుంటున్నాడు, దొరసాని జామచెట్ల వైపు పోయింది. గోడ పీల్చడం అయిపోయి నిశ్శబ్దంగా ఉంది. జాలీ ఊడదీశాను. లోపలికి చెయ్యి పెడితే మోచేతి దాకా చల్లటి చీకటి. చేతులు తుడుచుకోవడానికి తెచ్చుకున్న నా పాత పావడా పీలిక ఉండచుట్టి తోశాను. దాని మీద గార ముద్దలు ఒకటి తర్వాత ఒకటి, తాత నేర్పినట్టే అంచులు ఒత్తి, గులకరాయితో నునుపు చేసి, మళ్ళీ జాలీ బిగించాను. బయటికి ఏమీ తెలియలేదు. చేతులు మండిపోతుంటే కొళాయి కింద పెట్టుకుని, నా అంత మొనగత్తె లేదనుకున్నాను. పొద్దు వాలాక వదలాల్సిన గాలిని గోడ ఆరోజు వదల్లేదు.

మర్నాటి నుంచి తాత బయటి గోడ పనికి మారాడు. దగ్గు కొంచెం తగ్గింది. నేనే తగ్గించానని లోలోపల పొంగిపోయాను.

రెండింటికి దొరసాని కుర్చీ వేసుకుంది. రెండున్నరయింది. మూడయింది.

"ఏం మేస్త్రప్పా, ఈ పొద్దు ఉసిరు రాలేదే?"

"మోడం కమ్ముకోని ఉండాది కదమ్మా. పెంకు కాగలేదు" అన్నాడు తాత.

రెండో రోజు ఎండ మాడ్చేసింది. అయినా చప్పుడు లేదు. ఆవిడ టీ తాగకుండానే లేచింది. తాత నిచ్చెన వేసుకుని చూరు కింద కన్నం చూశాడు, అది తెరిచే ఉంది. ఊదుబత్తి వెలిగించి జాలీ ముందు పెట్టాడు. పొగ లోపలికి పోవాలి కదా, నిటారుగా పైకి లేచింది. తాత గడ్డం గీరుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇంట్లో ఏదో తేడా నాకూ తెలుస్తోంది. చప్పుడున్నప్పుడు అది గోడలో ఉందని తెలిసేది. ఇప్పుడు ఎక్కడుందో తెలియడం లేదు. హాల్లో నడుస్తుంటే ఎర్ర గచ్చులోని పిల్ల నావైపు కాకుండా ఆ తాళం గది వైపు చూస్తున్నట్టుండేది.

మూడో రోజు పొద్దున్నే దొరసాని తమ్ముడి కొడుకు తెల్ల కారులో వచ్చాడు. అంతకుముందు కూడా ఒకసారి వచ్చాడు, ఎవరో కొంటామంటున్నారు, అమ్మేయమని. ఆవిడ ఆరోజు వేలెత్తి, "ఈ ఇంటికి ఉసిరు ఉండే వరకూ నేను సంతకం పెట్టను పో" అని తరిమేసింది. ఈరోజు అతను నోరు తెరవక ముందే కాగితాలకోసం చెయ్యి చాపింది. కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి కాగితం మీదా నింపాదిగా సంతకం చేసింది. కారు పోయాక తాతతో, "ఇల్లు పోయెనప్పా. ఉసిరు లేని దాన్ని ఎన్నాళ్ళు పెట్టుకోవాల?" అంది. తాత తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఆవిడ తాళంచెవుల గుత్తి పట్టుకుని నన్ను రమ్మంది. "రా బొట్టె, ఇంక మూసి పెట్టుకునేది ఏముండాది" అని ఆ మూడో గది తెరిచింది. చిన్న ఇనప మంచం, దాని మీద మడిచిన దుప్పటి. మంచం పక్కన గోడలో జాలీ. జాలీ ఆకుల సందుల్లోంచి పసుప్పచ్చని జుట్టు పాయ ఒకటి బయటికి వేలాడుతోంది. రెండడుగులు వెనక్కి వేశాను.

"భయపడొద్దు, బొమ్మ అది. నాదే" అంది ఆవిడ మంచం మీద కూచుని. "మా చెల్లెలికి అవ్వ ఆయాసమే వచ్చినాది. ఈ గదిలోనే పడుకునేది. మధ్యాన్నం గోడ ఉసిరు లాగే యాళకే దానికీ ఆయాసం ఎక్కువయ్యేది. గోడే దాని ఉసిరు లాక్కుంటాండాదని నాకు తోచె. నీ అంత ఉంటిని అప్పుడు. ఎవురికీ చెప్పకుండా నా బొమ్మను కుక్కి మూసేస్తి."

"అప్పుడు?"

"మూడో దినం పోయె. నేను మూసింది దాని ఉసిరే అనుకుంటి. నా గదిలో ఒక్కటి మిగిలింది కదా, దాన్ని అడ్డం పెట్టుకోని ఇన్నేండ్లు బతికినా."

మూడో దినం. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. నేను మూసిన సాయంత్రం నుంచి ఇది మూడో దినం! ఎలా పరిగెత్తానో తెలియదు. తాత జామచెట్టు కింద గోడకి జారగిలబడి కళ్ళు మూసుకుని ఉన్నాడు. రొమ్ము కదలడం లేదు. "తాతా!" అని నేను పెట్టిన కేకకి కాకులు లేచిపోయాయి. ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. నేను ఆయన మీద పడి ఏడుస్తూ అంతా కక్కేశాను, ఉసురు, దగ్గు, పావడా పీలిక, గార.

"ఉసురు గాదే పిచ్చిమొగమా, ఉసిరు! ఊపిరి!" అని పడీపడీ నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. పొద్దున కారు వచ్చి పోయిన దారి వైపు చూశాడు. తర్వాత నా చేతులు తిప్పి చూశాడు. వేళ్ళన్నీ సున్నానికి తెల్లగా పగిలి ఉన్నాయి. ఉలి, సుత్తి తీసుకుని లేచాడు.

జాలీ తీసి వేలితో కొట్టి చూసి, "ఎంత బాగా పెట్టినావే. నా చేతి పనే అనుకోవాల" అన్నాడు. మెచ్చుకుంటున్నాడో తిడుతున్నాడో నాకు తెలియలేదు. ఆయన వంగి, మొహం దగ్గరగా పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. ముక్కలు ఊడివచ్చాయి. పీలిక పట్టుకుని లాగాడు.

అప్పుడు గోడ ఊపిరి వదిలింది.

రెండు దాటింది, పెంకు నిప్పులా కాగి ఉంది. ఆ వేళకి గాలి లోపలికే పోవాలి. అది బయటికొచ్చింది. తాత మొహం మీదికి, నెత్తి మీద జుట్టు వెనక్కి పోయేలా, చల్లగా, ఎంతకీ ఆగకుండా వచ్చింది. సున్నం వాసన కాదు. జ్వరం తగిలిన పిల్ల నెత్తి వాసన. నాకు తెలుసు ఆ వాసన, మా తమ్ముడికి జ్వరమొస్తే పక్కలో పడుకునేదాన్ని నేనే. ఆఖర్న చిన్నగా ఎక్కిళ్ళు తీరినట్టు ఆగి, కాసేపటికి మామూలుగా "హూఁ..." అని లోపలికి పీల్చింది.

గుమ్మంలో దొరసాని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఇంకా ఉసిరు ఉండంగానే అమ్మేస్తినే" అంది.

తాత లేచి చేతులు కట్టుకున్నాడు. "నా చేతి తప్పు తల్లీ. గార జారి లోపల పడినాది. నేను చూసుకోలేదు." జీవితంలో తన పనిలో ఒక్క తప్పు ఒప్పుకోని మనిషి. నేనే అని చెప్పబోతే నా భుజం నొక్కి పట్టాడు. ఆవిడ గోడని చూసింది, ముక్కల మధ్య పడి ఉన్న పావడా పీలికని చూసింది, నా చేతుల్ని చూసింది.

తాత సామాన్లు సర్దుకునేలోపు ఆవిడ నన్ను మండపం మెట్ల మీద కూచోబెట్టుకుంది. రేకు డబ్బాలోంచి గులాబీ వాసనేసే క్రీము తీసి నా వేళ్ళకి ఒక్కోదానికీ రాసింది.

"నొస్తాందా?"

"లేదు."

"మీ తాతకి ఉసిరు బాగుండాదా?"

"బాగుండాది."

"దగ్గు?"

"తగ్గిపోయింది."

ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అయితే సరే. అంతే చాలప్పా" అని, పాత పేపర్లో చుట్టిన కేకు ముక్క నా ఒళ్ళో పెట్టి లోపలికి పోయింది. బస్సులో ఆ కేకు నేను తినలేకపోయాను.

వానాకాలంలో ఇల్లు పడగొట్టారు. తాత చూడటానికి పోలేదు, మళ్ళీ గార పనికీ పోలేదు. ఆ తర్వాత నేను కాలేజీ బస్సులో అటు వెళ్ళేటప్పటికి నీలం రేకులు కట్టి ఉన్నాయి, నీలగిరి చెట్లు కూడా లేవు. దొరసాని టౌనులో ఏదో వృద్ధాశ్రమంలో చేరిందని విన్నాం. వెళ్ళి, మూసింది నేనేనని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. వెళ్ళలేదు. భయం.

తాతకి మాత్రం మళ్ళీ దగ్గు రాలేదు. చలికాలం వచ్చినా, ధూళి లేచినా రాలేదు. నేను ఉద్యోగంలో చేరేదాకా బతికాడు. మధ్యాహ్నం నిద్రపోతుంటే మాత్రం నేను ఆ గదిలో కూచునేదాన్ని కాదు. రెండు దాటగానే పొడుగ్గా "హూఁ..." అని పీల్చి, కాసేపు ఆగి, మళ్ళీ పీల్చేవాడు. మా అమ్మ గురక అనేది. పోయిన రోజు కూడా మధ్యాహ్నమే. ఒక దీర్ఘమైన ఊపిరి లోపలికి తీసుకున్నాడు, అది మేమందరం విన్నాం, బయటికి రావడం ఎవరూ వినలేదు. పొద్దు వాలాక మా అమ్మ తల దగ్గర దీపం పెట్టబోతే అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది. తలుపులూ కిటికీలూ మూసే ఉన్నాయి.

దొరసాని ఆరోజు అడిగిన ప్రశ్నని ఇన్నేళ్ళూ ఉత్త పరామర్శ అనుకున్నాను. ఎంత మొద్దుని! పదేళ్ళ పిల్ల గోడని ఎందుకు మూస్తుందో ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు? ఇల్లు ఎలా పోయిందో తెలిసి కూడా, ఎవరి కోసం మూశానో ఆ మనిషి బతికాడా అని మాత్రం అడిగింది. తన చెల్లెలు బతకలేదు. నా తాత బతికాడు. అంతే చాలంది. నా వేళ్ళకి క్రీము రాసింది. ఇవాళ ఈ పెయింటు మేస్త్రి నోట ఆ మాట వినకపోతే నాకు ఇదీ తెలిసేది కాదేమో.

"మేడమ్, ఇదిగో చూడండి" అని పిలిచాడు మేస్త్రి. బీరువా జరిపితే గోడ అడుగున ఒక గాలి కన్నం బయటపడింది. ఈ ఫ్లాటులో ముందున్న వాళ్ళెవరో సిమెంటు కుక్కి మూసేశారు. "ఇదే మేడమ్ మన చెమ్మకి కారణం. తెరవమంటారా? దుమ్ము లేస్తాది, మీరు బయట కూచోండి."

"తెరవండి. నేనిక్కడే ఉంటాను. టైమెంతైంది?"

"రెండు కావొస్తాంది."

కుర్చీ లాక్కుని గోడ పక్కన కూచున్నాను.